మెదడులో "కరెంటు ఎక్కువైంది" అంటే అసలేంటి? ఎలక్ట్రికల్ వాణ్ని, నా భాషలో చెప్పండి

గాజువాక_కరెంట్ (చర్చ మొదలుపెట్టినవారు), శుక్రవారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. నాది ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్, 22 ఏళ్ల సర్వీసు. మా అమ్మాయి పదో తరగతి. నెలన్నర కిందట లెక్కల పరీక్షకని రాత్రి రెండింటిదాకా చదివింది. పొద్దున్నే లేచి బ్రష్ చేసుకుంటూ వాష్‌బేసిన్ దగ్గర పడిపోయింది. ఒళ్లంతా కొట్టుకుంది, నోట్లోంచి నురగ. ఒకటిన్నర నిమిషం ఉంటుందేమో. నాకైతే నైట్ షిఫ్టంత పొడుగు.

ఈఈజీ (తలకి తీగలు అంటించి మెదడు సిగ్నళ్లు గీతలుగా తీసే పరీక్ష), ఎంఆర్ఐ స్కాను తీయించారు. ఎంఆర్ఐ నార్మల్, ఈఈజీలో తేడా ఉందన్నారు. "మెదడులో కరెంటు ఎక్కువైంది, మాత్రలు వాడితే తగ్గుద్ది" అన్నారు డాక్టరుగారు. బయట నలభై మంది కూర్చుని ఉన్నారు, ఆయన్ని ఇంకేం అడుగుతాం.

అప్పట్నించి ఆ మాట బుర్రలో తిరుగుతోంది. ఎక్కువంటే ఎన్ని వోల్టులు? సోర్సు ఎక్కడ? ఎర్తు ఏది? లోడు పెరిగితే ట్రిప్ అవ్వాలి కదా, బ్రేకరు ఏమైంది? నవ్వుకుంటే నవ్వుకోండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్, రాత్రి 11:15

అన్నయ్యా, వోల్టుల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. నాదొక ప్రశ్న. పడిపోకముందు కొన్నాళ్లుగా పొద్దున్నపూట పాప చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగరడం, వస్తువులు జారిపోవడం గమనించారా?

గాజువాక_కరెంట్, రాత్రి 11:21

సిస్టర్, మీకెలా తెలిసింది! స్టీలు గ్లాసు పడేసేది. పాలతో సహా. దువ్వెన ఎగిరి ఫ్యాను మీద పడింది ఒకసారి. మా ఆవిడ "చేతులా చేటలా" అని తిట్టేది. నేనూ తిట్టాను. ఆరేడు నెలల నుంచీ ఉంది ఇది. ఆ ఉలికిపాట్లూ ఇదేనా?

నైట్‌డ్యూటీ_సిస్టర్, రాత్రి 11:30

అదే అయి ఉండొచ్చు. నిద్ర లేచాక గంటలోపు ఉలికిపాట్లు, 12 నుంచి 18 ఏళ్ల మధ్య మొదలవడం, నిద్ర చెడిన మర్నాడే పెద్ద ఫిట్స్ రావడం, ఎంఆర్ఐ మామూలుగా ఉండటం. దీన్ని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. నేను డాక్టర్ని కాను. ఈ గ్లాసు సంగతి మాత్రం మీ డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. తొందరలో చాలామంది పడిపోవడం గురించే చెప్తారు, గ్లాసు గురించి చెప్పరు. మందు ఎంపిక దానిమీదే తిరుగుతుంది.

కళింగ_కణం, శనివారం ఉదయం 7:40

ఏయూలో ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు బెంగళూరులో నాడీకణాల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. కరెంట్ గారూ, నవ్వడం ఎందుకండీ, ఈ శాస్త్రం మొదలైందే మీ ప్రశ్నలతో.

ముందు వోల్టులు. నాడీకణం ఊరికే కూర్చున్నప్పుడు గోడకి లోపలా బయటా తేడా సుమారు 70 మిల్లీవోల్టులు, లోపలివైపు మైనస్. టార్చి సెల్లులో ఇరవయ్యో వంతు. ఇంతేనా అనుకోకండి. ఆ గోడ మందం సుమారు 5 నానోమీటర్లు. భాగించి చూడండి: మీటరుకి 1.4 కోట్ల వోల్టులు. పొడిగాలి మీటరుకి 30 లక్షల దగ్గరే చిట్లి మెరుపు కొడుతుంది. మన అందరి తలల్లో ప్రతి కణం గోడా మీ స్విచ్‌యార్డు గాలి తట్టుకోలేని ఒత్తిడిని పుట్టినప్పట్నించీ మోస్తూ ఉంది.

మీ తీగలో నడిచేవి ఎలక్ట్రాన్లు. ఇక్కడ నడిచేది ఉప్పు: సోడియం, పొటాషియం, కాల్షియం, క్లోరైడు అయాన్లు. బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఈ తేడాని నిలబెట్టేందుకు గోడలో పంపులుంటాయి, ఒక్కో విడతకి 3 సోడియంలు బయటికి, 2 పొటాషియంలు లోపలికి. మీ సోర్సు అదే. ఒంటి బరువులో 2 శాతమే ఉన్న మెదడు ఒంటి శక్తిలో 20 శాతం తినేది చాలావరకు ఈ వ్యవహారానికే. ఎర్తు అడిగారు. కణాల చుట్టూ ఉన్న ఉప్పునీరే ఎర్తు అనుకోండి.

పక్క కణాలు తట్టి వోల్టేజీ మైనస్ 55 దాకా వచ్చిందంటే ఆ గోడలో ఉండే సోడియం తలుపులు భళ్లున తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూకి ప్లస్ 30, 40 దాకా లాగుతుంది. వెంటనే ఆ తలుపులు మూతపడి, పొటాషియం బయటికి పోయి మళ్లీ మైనస్. మొత్తం ఒకటి రెండు మిల్లీసెకన్లు. ఇదే ఒక సిగ్నలు. గట్టిగా తట్టినా మెల్లగా తట్టినా ఈ సిగ్నలు ఎత్తు ఒకటే. ఎన్నిసార్లు కొట్టిందన్నదే తేడా. కాబట్టి "కరెంటు ఎక్కువైంది" అన్నమాట పేషెంటుకి చెప్పడానికి సులువే గానీ, ఫిట్స్ వచ్చినప్పుడు ఏ కణంలోనూ సిగ్నలు ఎత్తు పెరగదు.

ఇదంతా ఎలా తెలిసిందంటే స్క్విడ్ అనే సముద్రజీవి వల్ల. మన విశాఖ ఫిషింగ్ హార్బర్లో ఐసు పెట్టెల్లో కనిపిస్తాయే, ఆ జాతివే. మనిషి మెదడులో నాడీతంతువు మందం మిల్లీమీటర్లో వెయ్యో వంతు ఉంటుంది. స్క్విడ్‌కి పారిపోవడానికి నీళ్లు చిమ్మే కండరాల కోసం ఒకటుంటుంది, మందం దాదాపు మిల్లీమీటరు. లోపలికి తీగ దింపి కొలవచ్చు. ఇంగ్లండులో ప్లిమత్ తీరాన హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1939లో అలాగే కొలిచారు. యుద్ధం వచ్చి ఆగిపోయి, 1952కి పూర్తి సమీకరణాలు రాశారు. కేంబ్రిడ్జిలో కంప్యూటరు అందుబాటులో లేకపోతే హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల మిషను మీద వారాల తరబడి తిప్పాడు. 1963లో నోబెల్.

హార్బర్_సత్తి, ఉదయం 8:05

నాకీ ఓల్టులూ గీల్టులూ తెల్దు గానీ బాబూ, స్క్విడ్ అంటే ఆగాను. రోజూ పట్టుకునే సరుకే. ఈపులోపల ప్లాస్టిక్ ఈకలాంటి ముల్లుంటాది, అది లాగీసి, సిరా సంచి తీసీసి ఐసులో పెడతాం. మంచి సరుకు ఎగుమతికి ఎల్లిపోద్ది. ఇన్నేళ్లలో నరం ఎప్పుడూ కనబళ్లేదే. ఎక్కడుంటాది?

కళింగ_కణం, ఉదయం 8:20

సత్తి గారూ, సంచిలాంటి ఒళ్లు నిలువునా కోసి తెరిస్తే, లోపలి గోడకి తల దగ్గర రెండు పక్కలా చిన్న నరాల ముడి ఉంటుంది. దాన్నుంచి నక్షత్రంలా నరాలు విచ్చుకుంటాయి. వాటిలో పొడుగ్గా వెనక్కి పోయే నరంలో ఉంటుంది అది. తెల్లటి మెరిసే దారంలా. తాజా సరుకులోనే సరిగ్గా కనపడుతుంది.

హార్బర్_సత్తి, ఉదయం 8:24

దారం! అది సూసేనయ్యా. చెత్త అనుకుని గోరుతో గీకీసేవోళ్లం.

పెద్దవాల్తేరు_మాస్టారు, ఉదయం 9:10

32 ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ని, ఊరుకోలేకపోతున్నాను.

కళింగం ఒక కణం సంగతి చెప్పాడు. కణానికీ కణానికీ మధ్య ఏముందన్నది అసలు తగాదా. ఇటలీ గోల్జీ, మెదడంతా తెగకుండా అల్లిన ఒకే వల అన్నాడు. స్పెయిన్ కహాల్, కాదు, ఏ కణానికి ఆ కణం విడి అన్నాడు. తమాషా ఏంటంటే గోల్జీ కనిపెట్టిన రంగుతోనే కణాలు చూసి కహాల్ ఆ మాటన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, గోల్జీ ఆ వేదిక మీదే కహాల్ మాట తప్పని ప్రసంగించాడు. మన ఊళ్లో పెళ్లిపందిట్లో బావమరదుల తగువులా లేదూ.

కహాలే నెగ్గాడు. మధ్యలో ఖాళీ ఉంది, సుమారు 20 నానోమీటర్లు. దాన్ని దాటేది కరెంటా, రసాయనమా? ఆటో లోవీ అనే ఆయనకి కలలో ప్రయోగం తట్టింది, లేచి చీటీ మీద గీకి పడుకున్నాడు, పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాడు రాత్రి మళ్లీ అదే కల. ఈసారి పడుకోకుండా తిన్నగా ప్రయోగశాలకి పోయాడు. కప్ప గుండెని ఉప్పునీళ్లలో కొట్టుకోనిచ్చి, దాన్ని నెమ్మది చేసే నరాన్ని మీటాడు. గుండె నెమ్మదించింది. ఆ నీళ్లు తీసి ఇంకో గుండె మీద పోశాడు. నరం తాకకుండానే అదీ నెమ్మదించింది. 1921లో అచ్చయింది. నీళ్లలోకి దిగిందేదో ఉంది, దానిపేరు తర్వాత తేలింది, అసిటైల్‌కోలిన్.

గాజువాక_కరెంట్, ఉదయం 9:32

మాస్టారూ, అంటే ప్రతి జాయింటూ లూజు కాంటాక్టేనా మెదడులో? మా దగ్గరైతే మెమో ఇస్తారు.

పెద్దవాల్తేరు_మాస్టారు, ఉదయం 9:40

అన్నీ అతికించి ఉంటే అది తీగ అవుతుంది నాయనా, మెదడు కాదు. ఖాళీ ఉంది కాబట్టే "పంపనా వద్దా" అన్న బేరం ఉంది.

కళింగ_కణం, ఉదయం 10:15

మాస్టారు బేరం అన్నారు చూడండి, మూర్ఛ ఉన్నది అక్కడే. సిగ్నలు చివరికొచ్చేసరికి కాల్షియం లోపలికి వస్తుంది, రసాయనం నింపిన చిన్నచిన్న తిత్తులు గోడకి అంటుకుని పగిలి ఖాళీలోకి ఒలుకుతాయి. అవతలి కణంతో గ్లూటమేట్ "కొట్టు" అంటుంది, గాబా "ఆగు" అంటుంది. గాబా తగలగానే క్లోరైడు తలుపులు తెరుచుకుని కణం ఇంకా మైనస్‌లోకి జారుతుంది, లేదా అక్కడే ఇరుక్కుంటుంది. మెదడు పైపొరలో అయిదింట నాలుగు కణాలు కొట్టమనేవి, ఒకటి ఆగమనేది. ఆ ఒక్కటీ సందు సందులో కూర్చుని చుట్టుపక్కల వందల కణాలకి పగ్గాలు పట్టుకుని ఉంటుంది. బ్రేకరు ఏదన్నారు కదా, ఇవే మీ బ్రేకర్లు. ఒకచోట కాదు, మెదడంతా చల్లి ఉంటాయి.

సందేహాల_రావు, ఉదయం 11:02

చదవడానికి బాగానే ఉంది. మా ఊళ్లో మాత్రం చేతిలో తాళాలగుత్తి పెడితే నిమిషంలో ఆగేది, కళ్లారా చూశాను. ఉల్లిపాయ వాసన కూడా. ఈ ఇంగ్లీషు మాత్రలు అణచిపెట్టడం తప్ప నయం చేసేదేముంది? పచ్చకర్పూరం పొడి తేనెలో నాకిస్తే నరాలకి బలం అని కూడా అంటారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్, ఉదయం 11:10

రావుగారూ, ఫిట్స్ చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఇంట్లో అందరూ పరిగెత్తి తాళాలు వెతికి తెచ్చి పెట్టేసరికి సరిగ్గా ఆ టైమే అవుతుంది. పేరు తాళాలకి. చేతిలో ఇనుము గుచ్చుకున్న పిల్లల్ని నేను చూశాను, చెంచా పెట్టి పళ్లు విరగ్గొట్టిన నాన్నల్ని చూశాను.

చెయ్యాల్సింది: పక్కకి ఒత్తిగిల్లించి పడుకోబెట్టడం, తలకింద మెత్తటిది, మెడ దగ్గర గుండీ వదులు చెయ్యడం, గడియారం చూడటం. నోట్లో ఏమీ వద్దు, నీళ్లు కూడా. కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకోవద్దు. 5 నిమిషాలు దాటితే, లేదా తెలివి రాకుండానే రెండోది మొదలైతే 108. కొందరికి డాక్టరుగారు ముక్కులో కొట్టే మిడాజొలామ్ స్ప్రే రాసిస్తారు. అడిగి ఉంచుకోండి.

కళింగ_కణం, ఉదయం 11:25

కర్పూరం వద్దే వద్దండీ, ఎవరూ ప్రయత్నించకండి. కర్పూరం లోపలికి పోతే ఫిట్స్ తగ్గవు, వస్తాయి. 1934లో హంగరీలో మెదునా అనే వైద్యుడు మానసిక రోగులకి కావాలని మూర్ఛ తెప్పించడానికి వాడింది కర్పూరమే. చిన్నపిల్లలు పూజగదిలో బిళ్లలు మింగి ఆసుపత్రికి వచ్చే సంగతి పిల్లల డాక్టర్లందరికీ తెలుసు.

మోడరేటర్, ఉదయం 11:31

రావుగారి వ్యాఖ్యలో కర్పూరం మాట తొలగించడం లేదు, కింద జవాబు ఉంది కాబట్టి. మోతాదులు, మందు మార్పులు ఎవరూ ఎవరికీ సూచించవద్దు.

గాజువాక_కరెంట్, మధ్యాహ్నం 1:18

సిస్టర్ అన్నట్టు దానంతటదే ఆగింది. నాకిదే వింత. షార్టయిన లైను దానంతటది క్లియర్ అవదే. ఎవరు ఆపారు?

కళింగ_కణం, మధ్యాహ్నం 2:05

మంచి ప్రశ్న. దీనిమీద పనిచేసేవాళ్లు వేరే ఉన్నారు. కణాలు అంతలా కొట్టుకుంటే శక్తి ఖర్చయి అడినోసిన్ అనే రసాయనం పోగుపడుతుంది. అది గ్లూటమేట్ ఒలకడాన్ని తగ్గిస్తుంది. ఆమ్లగుణం పెరుగుతుంది, దానివల్ల కూడా కణాలు మందగిస్తాయి. పొటాషియం బయటికి పోయే తలుపులు ఇంకా తెరుచుకుంటాయి. అంటే దొమ్మీ తన అలసటతోనే చల్లారుతుంది. తర్వాత మీ పాప గంటసేపు మత్తుగా పడుకుని ఉంటుంది, అవునా? ఆ మత్తులో వీటికీ వాటా ఉంది. (కాఫీ చేసేది ఈ అడినోసిన్‌ని అడ్డుకోవడమే. పరీక్షల ముందు రాత్రి రెండింటిదాకా కాఫీ తాగి చదవడమంటే రెండు తప్పులు ఒకేసారి.)

ఇంకోటి. కణాల చుట్టూ ఉన్న నీళ్లలో పొటాషియం మామూలుగా లీటరుకి 3 మిల్లీమోల్స్ ఉంటే మూర్ఛలో 10, 12 దాకా ఎక్కుతుంది. దాన్ని పీల్చి శుభ్రం చేసేవి ఆస్ట్రోసైట్లు అనే వేరే రకం కణాలు. ఒకప్పుడు వీటిని నాడీకణాల మధ్య జిగురు అనుకునేవాళ్లు. మూర్ఛ పరిశోధనలో ఇప్పుడు ఇవీ పెద్ద అంశమే.

ఉప్పుగాలి, మధ్యాహ్నం 3:30

ఎప్పట్నించో చదువుతూ ఉంటాను, రాయడం ఇదే మొదలు. పదకొండో ఏట నాకు మొదలైంది. ఎంవీపీ కాలనీలో పిల్లలకి ట్యూషన్లు చెప్తాను.

నాది పాపలాంటిది కాదు. పడిపోయేదాన్ని కాదు. కడుపులోంచి లిఫ్టు లేచినట్టు ఏదో పైకి వచ్చేది, ఎదురుగా ఉన్నది ఇదివరకే అచ్చం ఇలాగే జరిగిందనిపించేది, ఆ తర్వాత నాకు తెలీదు. చూసినవాళ్లు చెప్పేవారు, కళ్లు తెరిచే ఉంటాయట, పెదాలు చప్పరిస్తూ పమిట కొస నలుపుతూ ఉంటానట. బీచ్ రోడ్డు బస్సులో ఒకసారి స్టాపు దాటి రెండు స్టాపులవతల తెలివొచ్చింది. పర్సులేదు.

మూడు రకాల మందులు మార్చినా నెలకి నాలుగైదు వచ్చేవి. చివరికి తిరువనంతపురం శ్రీచిత్ర ఆసుపత్రిలో వీడియో ఈఈజీ పెట్టారు. మాత్రలు తగ్గించి, కెమెరా ముందు మంచం మీద, ఫిట్స్ రావాలని ఎదురుచూడటం! జీవితంలో మొదటిసారి అది రాకపోతే దిగులు పడ్డాను. కుడి కణత లోపల, జ్ఞాపకాలకి కావలసిన హిప్పోకాంపస్ అనే భాగం ముడుచుకుపోయి ఉందని తేలి, ఆ భాగం తీసేశారు. అంతకుముందు జ్ఞాపకశక్తికి రెండు రోజులు పరీక్షలు పెట్టారు, ఎందుకని అడిగితే 1953లో అమెరికాలో ఒకాయనకి రెండువైపులా తీసేస్తే మూర్ఛ తగ్గింది గానీ కొత్త జ్ఞాపకం పుట్టడమే ఆగిపోయిందట. ఆయన 2008లో చనిపోయేదాకా అలాగే. అప్పట్నించి రెండోవైపు గట్టిగా ఉందో లేదో చూడందే కత్తి పెట్టరు. నాకు తొమ్మిదేళ్లుగా రాలేదు. ఒక మాత్ర ఇంకా ఉంది.

రావుగారూ, అణచిపెట్టడమే అన్నారు. అణచిపెట్టిన ఆ తొమ్మిదేళ్లు నేను బతికానండీ.

సందేహాల_రావు, మధ్యాహ్నం 3:52

అమ్మా, తప్పుగా అన్నాను. మన్నించండి.

కళింగ_కణం, సాయంత్రం 4:10

ఉప్పుగాలి అక్కా, రెండు మందులు సరైనవి సరిగ్గా వాడినా ఆగకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించమని ప్రపంచమంతా అంటుంది, కానీ అక్కడిదాకా వెళ్లేవాళ్లు తక్కువ. కెనడాలో 2001లో మీలాంటి కణత మూర్ఛ ఉన్న 80 మందిని చీటీ తీసి రెండు గుంపులు చేశారు. ఏడాదికి తెలివి తప్పించే ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ వైపు 58 శాతం, మందుల వైపు 8 శాతం. ఢిల్లీ ఎయిమ్స్‌వాళ్లు పిల్లల్లో అలాగే చేసి 2017లో ప్రకటించారు. 77 శాతం, 7 శాతం.

ఉప్పుగాలి, సాయంత్రం 4:22

తమ్ముడూ, ఒకటడుగుతాను. నాలోంచి తీసిన ముక్క ఏమవుతుంది? అక్కడ అడగడానికి మొహమాటమేసింది.

కళింగ_కణం, సాయంత్రం 5:01

పేథాలజీకి పంపి చూస్తారు, జబ్బు పేరు ఖాయం చెయ్యడానికి. రోగి ఒప్పుకుంటే కొన్ని దేశాల్లో కొంత భాగాన్ని థియేటర్లోంచి తిన్నగా పరిశోధనకి పట్టుకెళ్తారు. ఆక్సిజన్ బుడగలు వదిలే చల్లటి ఉప్పునీళ్లలో, పలచగా కోసి పెడితే ఆ కణాలు గంటల తరబడి బతికే ఉంటాయి. జుట్టుకన్నా సన్నగా లాగిన గాజుగొట్టం కొనని కణం గోడకి ఆనించి మెల్లగా పీల్చి పట్టుకుంటాం. జర్మనీలో నేహెర్, సాక్మన్ 1976లో చూపించిన పద్ధతి ఇది, 1991లో నోబెల్. ఒకే ఒక్క తలుపు తెరుచుకుని మూసుకోవడం తెరమీద మెట్టులా కనపడుతుంది. నేను ఎలుక కణాల మీదే చేస్తాను. మొదటిసారి పట్టు దొరికిన రోజు రాత్రి 11 అయింది, ల్యాబులో ఎవరూ లేరు, వాచ్‌మన్‌ని పిలిచి చూపించాను.

గాజువాక_కరెంట్, రాత్రి 9:47

డ్యూటీ దిగి మొత్తం మళ్లీ చదివాను. ఒక తప్పు ఒప్పుకోవాలి.

మొదటి వారం మందు మొదలుపెట్టకముందు, మా దగ్గరి బంధువు ఒకాయన "నాకూ ఇదే, ఈ మాత్ర బాగా పనిచేసింది" అని తనవి ఇచ్చాడు. కార్బమాజెపైన్. అయిదు రోజులు వేశాం. ఉలికిపాట్లు తగ్గకపోగా ఎక్కువయ్యాయి, పొద్దున్న అన్నం ముద్ద నోటిదాకా పోలేదు. డాక్టరుగారికి ఇది చెప్పలేదు, సిగ్గుతో. ఇప్పుడాయన ఇచ్చింది లెవెటిరాసెటామ్. ఉలికిపాట్లు తగ్గాయి. కానీ పిల్ల చిరాకు పడుతోంది, చిన్నదానికే తలుపులు వేసేస్తోంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్, రాత్రి 9:58

రెండూ చెప్పండి అన్నయ్యా, సోమవారమే. కార్బమాజెపైన్ ఈ రకంలో ఉలికిపాట్లు పెంచగలదు, ఆయనకి ఆ ఒక్క ముక్క చాలా పనికొస్తుంది. చిరాకు లెవెటిరాసెటామ్‌తో కొందరికి వచ్చేదే. పిల్ల పొగరు అనుకోకండి. అలాగని మీరే ఆపెయ్యకండి, ఒక్కసారిగా ఆపితే పెద్ద ఫిట్స్ రావచ్చు. వాల్‌ప్రోయేట్ దీనికి బాగా పనిచేసే మందే గానీ, గర్భంలో బిడ్డకి గట్టి హాని చేస్తుంది కాబట్టి ఆడపిల్లలకి వీలైనంతవరకు వేరేది చూస్తారు. మీ డాక్టరుగారు ఆలోచించే ఇచ్చారు.

కళింగ_కణం, రాత్రి 10:20

మీ బంధువు మాత్ర ఎందుకు ఎదురుతిరిగిందో ఊహించడానికి ఒక ఉదాహరణ. డ్రావే సిండ్రోమ్ అని పసిపిల్లల్లో వచ్చే మొండి మూర్ఛ ఉంది. 2001లో దాని మూలం దొరికింది, సోడియం తలుపు తయారుచేసే ఒక జన్యువు చెడిపోవడం. అందరూ బుర్ర గోక్కున్నారు. సోడియం తలుపు తగ్గితే కణాలు తక్కువ కొట్టుకోవాలి కదా, మూర్ఛ ఎలా వస్తుంది? ఎలుకల్లో చూస్తే తేలింది: ఆ రకం తలుపు మీద ఎక్కువ ఆధారపడేవి "ఆగు" అనే కణాలు. బ్రేకరుకే కరెంటు పోయింది! ఆ పిల్లలకి సోడియం తలుపులు మూసే మందులిస్తే ఇంకా దిగజారతారు. పాపది ఆ జబ్బు కాదు. తలుపు ఒకటే అయినా అది ఎవరింటి తలుపన్నది చూడాలని చెప్పడానికే ఇది.

లెవెటిరాసెటామ్ ఆ తలుపుల జోలికి పోదు. మాస్టారు చెప్పిన ఖాళీ దగ్గర, తిత్తుల గోడమీద ఎస్‌వీ2ఏ అనే ప్రొటీన్‌కి అతుక్కుంటుంది. ఈ మందు ముందే వాడుకలోకి వచ్చింది, ఎక్కడ అతుక్కుంటుందో 2004లో గానీ తేలలేదు. వాల్‌ప్రోయేట్‌ది ఇంకా విచిత్రం. 1882లో తయారైంది. ఎనభై ఏళ్లు ఇతర పదార్థాలు కరిగించే ద్రావకంగా పడి ఉంది. 1962లో ఫ్రాన్సులో వేరే మందులు దాంట్లో కరిగించి పరీక్షిస్తుంటే కరిగించినవన్నీ మూర్ఛ ఆపుతున్నాయి. ఆపుతున్నది ద్రావకమని అప్పుడు అర్థమైంది.

గాజువాక_కరెంట్, రాత్రి 11:36

ఈఈజీ రోజు సంగతి గుర్తొచ్చింది. ముందురోజు తలస్నానం చేయించి నూనె రాయొద్దన్నారు, నిద్ర తగ్గించి తీసుకురమ్మన్నారు. తలంతా జిగట పేస్టు పెట్టి తీగలు అంటించారు. టెక్నీషియన్ అబ్బాయి ఫ్యాను ఆపేసి, నా ఫోను బయట పెట్టించాడు. "50 హెర్ట్జ్ హమ్ పడుతోందండీ" అన్నాడు. ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది, మనవాడే అనిపించింది. తెరమీద గీతలు గజిబిజిగా పోతూ పోతూ, ఒక్కసారి అన్ని చానెళ్లలో ఒకేలా ఎత్తుగా లేచి, మళ్లీ గజిబిజి. ఎత్తుగా లేచింది కాబట్టి వోల్టేజీ పెరిగిందనుకున్నాను.

ఇప్పుడాలోచిస్తే అది కాదు. కళింగం బాబు సిగ్నలు ఎత్తు పెరగదన్నాడు. మరి గీత ఎలా లేచింది? అన్నీ ఒకే ఫేజులో కొడితే లేస్తుంది! విడివిడిగా కొడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని గజిబిజి.

మా దగ్గర జనరేటర్ని గ్రిడ్‌కి కలిపేముందు సింక్రోస్కోపు ముల్లు చూస్తూ నిలబడతాం. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజు కలిస్తేనే బ్రేకరు వేస్తాం, లేకపోతే మిషను పోద్ది. సింకు తప్పడమే మాకు ఫాల్టు. మెదడులో తలకిందులు. సింకు కుదరడమే ఫాల్టు. కరెక్టేనా?

కళింగ_కణం, ఆదివారం ఉదయం 6:50

రెండేళ్ల నుంచి మా ఇంట్లోవాళ్లకి నా పని చెప్పడానికి కష్టపడుతున్నాను. ఇకనుంచి మీ ముక్కే చెప్తాను.

నెత్తిమీద దొరికేది మిల్లీవోల్టులు కూడా కాదు, పదుల మైక్రోవోల్టులు. ఒక కణం మాట పుర్రె దాటి రాదు, వేల, లక్షల కణాలు కలిసి మాట్లాడితేనే గీత లేస్తుంది. పాప రకంలో సెకనుకి 4 నుంచి 6 సార్లు అలా లేస్తాయి. ఎంఆర్ఐ నార్మల్ అన్నారు కదా, అది వైరింగు డ్రాయింగు. ఫాల్టు లైను నడుస్తున్నప్పుడే కనపడుతుంది.

ఒక్క సవరణ. కొంత సింకు మెదడుకీ కావాలి. నిద్రలో మెదడు పైపొర, లోపలున్న థాలమస్ అనే భాగం కలిసి నెమ్మదిగా ఒకే ఊపులో ఊగుతాయి, అది మంచిదే. నిద్రకీ మెలకువకీ మధ్య గేరు మారేటప్పుడే ఆ ఊపు పట్టు తప్పే అవకాశం. నిద్ర చెడితే ఇంకా ఎక్కువ. పాప ఉలికిపాట్లు పొద్దున్నే రావడంలో అర్థం అదీ.

బ్రేకరు బయటినుంచి పెట్టొచ్చా అంటారేమో, పెట్టారు. పుర్రెలో అమర్చి, ఫిట్స్ మొదలవుతున్న గీత కనిపెట్టి అక్కడే చిన్న ఎదురు కరెంటు కొట్టే పరికరానికి 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. మందులకి లొంగని, ఒకటి రెండు చోట్ల నుంచి మొదలయ్యే మూర్ఛ ఉన్న పెద్దవాళ్లకి. అదే ఏడాది ఎలుకల్లో వెలుతురుతో ఆపారు. కణాలకి కాంతి తగిలితే పనిచేసే నాచు, సూక్ష్మజీవుల ప్రొటీన్లు అమర్చి, ఫిట్స్ మొదలవగానే లేజరు వెలిగించడం. మనుషుల దాకా రావడానికి దూరం ఉంది.

సందేహాల_రావు, ఉదయం 7:30

ఒక సందేహం, ఈసారి నిజం సందేహమే. మా తోడల్లుడికి స్కానులో పురుగు తిత్తి ఉందన్నారు, దానివల్లే ఫిట్స్ అట. వాళ్లు శుద్ధ శాకాహారులు. పంది మాంసం నుంచి కదా వచ్చేది?

నైట్‌డ్యూటీ_సిస్టర్, ఉదయం 7:44

సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు వచ్చేది మాంసం వల్ల కాదు, ఆ పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు నీళ్ల ద్వారా, కడగని కొత్తిమీర, క్యారెట్లలాంటి వాటి ద్వారా ఎవరి కడుపులోకి పోయినా వస్తాయి. శాకాహారికీ వస్తుంది. ఈ పురుగు పాతుకున్న ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో సుమారు 30 శాతం దీనివల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. డాక్టరు చెప్పకుండా పురుగుల మందు మింగొద్దనండి, లోపల పురుగు చచ్చేటప్పుడు వాపు వస్తుంది.

పెద్దవాల్తేరు_మాస్టారు, ఉదయం 8:15

మన పాతవాళ్లు దీన్ని అపస్మారం అన్నారు, స్మరణ తప్పడం. చరకంలోనే ఉంది. నటరాజు కాలికింద ఉన్న మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. గమనించారో లేదో, స్వామి వాణ్ని చంపడు, తొక్కి పట్టి ఉంచుతాడు. రావుగారి "అణచిపెట్టడం" అన్న మాట వినగానే నాకదే తోచింది.

గాజువాక_కరెంట్, ఉదయం 9:05

ఉప్పుగాలి చెల్లెమ్మా, నీకొకటి రాయాలా వద్దా అనుకుంటూనే ఉన్నాను. మా అత్తగారు "రేపు పెళ్లి ఎలా చేస్తావు, ఎవరికీ చెప్పకు" అంటున్నారు. చెప్పొద్దా?

ఉప్పుగాలి, ఉదయం 9:20

అన్నా, ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉంటే ఆ పెళ్లే చెల్లదనడానికి వీలుండేది. 1999లో సవరించి తీసేశారు. చట్టం పోయినా అత్తగార్లు ఉంటారు, అది వేరే. నేను పనిచేసిన ఒక బడిలో పిల్లల ముందు వచ్చిందని మర్నాటి నుంచి రావద్దన్నారు. ట్యూషన్లు అలా మొదలయ్యాయి. నేను ఆయనకి మొదటిరోజే చెప్పాను. రెండు సంబంధాలు అంతకుముందు పోయాయి. పోతే పోనీ. దాచుకుని మింగిన మాత్ర ఏదో ఒకరోజు మర్చిపోతాం, అది ఇంకా ప్రమాదం. ముందు పదో తరగతి పరీక్షలు కానివ్వండి.

గాజువాక_కరెంట్, ఉదయం 10:40

నేను పాపని, నాన్న లాగిన్‌తో రాస్తున్నా. దువ్వెన ఫ్యాను మీద పడలేదు, ఫ్యాను పక్కనుంచి పోయింది.

నాకు ఒక డౌటు. చెయ్యి ఎగిరినప్పుడు నాకు మొత్తం తెలుస్తూనే ఉంటుంది. గ్లాసు పోతోందని కూడా కనపడుతుంది, ఆపలేను అంతే, చెయ్యి వేరేవాళ్లదైనట్టు. మెదడంతా ఒకేసారి సింకు అయితే నాకెలా తెలుస్తోంది?

కళింగ_కణం, ఉదయం 11:02

అమ్మా, నువ్వడిగినట్టు నా ఇంటర్వ్యూలో అడిగి ఉంటే నేను ఫెయిలయ్యేవాణ్ని. ఉలికిపాటుకి కారణమైన విసురు సెకనులో చిన్న ముక్క మాత్రమే ఉంటుంది. కండరాలకి ఆర్డరు వెళ్లిపోతుంది, నీ తెలివిని తుడిచేసేంత సేపు నిలవదు. వాష్‌బేసిన్ దగ్గర పడిపోయిన రోజు అదే ఆగకుండా సాగింది. అందుకే అది గుర్తు లేదు, గ్లాసు గుర్తుంది.

గాజువాక_కరెంట్, ఉదయం 11:10

పాపనే. థాంక్యూ అన్నయ్యా. సత్తి మావయ్యా, ఆ దారం చూపిస్తారా? నాన్న తీసుకొస్తానంటున్నారు.

హార్బర్_సత్తి, ఉదయం 11:14

ఎందుకు సూపించనమ్మా, వచ్చే ఆదివారం రా. బోట్లు తెల్లారగట్ల నాలుగింటికే తగుల్తాయి, ఆ టైముకొస్తే బతికున్న సరుకు దొరుకుద్ది.

నైట్‌డ్యూటీ_సిస్టర్, ఉదయం 11:15

నాలుగింటికా!! నిద్ర!!!

హార్బర్_సత్తి, ఉదయం 11:19

ఓలమ్మో, మర్సిపోయాను. ఎనిమిదింటికి రండి. రెండు సరుకులు ఏరి ఐసులో పక్కనెడతాను, ఈసారి గోరుతో గీకను. కత్తి నాది, ఎక్కడ కొయ్యాలో బెంగులూరు బాబు ఫోన్లో సెప్పాల.